రష్యా రాకెట్ల తేదీలు మూడూ తప్పాయి, బోర్డు తీసేయమంటారా?

ప్రశ్న: నేను నాయుడుపేట దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. ఆకాశం తేటగా ఉన్న రోజు మా బడి మేడ ఎక్కితే శ్రీహరికోట రాకెట్ కనిపిస్తుంది. అందుకే మా పిల్లలకు రాకెట్లంటే ప్రాణం. స్టాఫ్ రూం పక్క గోడకు బోర్డు పెట్టి 'రాబోయే ప్రయోగాలు' అని రాయిస్తుంటాను. ఇస్రోవి ఏడాదికి నాలుగైదే కదా, బోర్డు ఎక్కువ రోజులు ఖాళీగా ఉంటోందని 2025 నవంబరు నుంచి రష్యావి కూడా చేర్చాం. అక్కడే పరువు పోయింది. నవంబరు 27న సోయుజ్ 12:28కి అని రాసి, అన్నం బెల్లుకు ముందే పిల్లల్ని ఫోన్ చుట్టూ కూర్చోబెట్టాను. ఏమీ ఎగరలేదు. అది మాస్కో టైమట. నిజంగా ఎగిరేసరికి నేను తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతున్నాను. డిసెంబరుకు మూడు రాశాం: 15న ఎలెక్ట్రో-ఎల్ ఐదో ఉపగ్రహం, 21న ప్రోగ్రెస్ ఎంఎస్-33, నెలాఖర్లోపు సోయుజ్-5 అనే కొత్త రాకెట్. ఆ నెలలో మూడూ కదల్లేదు. 'మీ బోర్డు కన్నా మా ఊరి బస్సు నయం టీచర్' అన్నాడొకడు. హెడ్మాస్టర్ గారు దాన్ని తుడిచేసి సుభాషితాలు రాయించమంటున్నారు. తీసేయమంటారా? ఉంచితే ఏది నమ్మి రాయాలి? ఇంకొకటి. ఏడో తరగతి పాప అడిగింది: 'రష్యా రాకెట్ దగ్గర సముద్రం లేదు కదా టీచర్, ఊడిన ముక్కలు ఎవరి మీద పడతాయి?' నా దగ్గర జవాబు లేకపోయింది.
- ఒక టీచర్, నాయుడుపేట

సమాధానం: టీచర్ గారూ, బోర్డు తీయకండి. సుభాషితాలకు బళ్ళో గోడలు కరువా! మీరు చేసిన పొరపాటల్లా తేదీని మొదటి గడిలో, పెద్దక్షరాలతో రాయడం. పెళ్ళికి ముహూర్తం ముందు, మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టి. రాకెట్‌కు ఏర్పాట్లన్నీ ముందు, ముహూర్తం ఆఖర్న. ఎక్కడినుంచి ఎగురుతుంది, ఏ రాకెట్, ఎక్కడికి పోతుంది, ఎందుకు పోతుంది అన్నవి చాలా ముందే ఖాయమవుతాయి. అవి తెలిస్తే తేదీ తప్పినా పిల్లల దగ్గర పాఠం మిగులుతుంది. తేదీ ఒక్కటే రాస్తే, అది తప్పిన రోజు బోర్డు మీద ఏమీ మిగలదు.

ముందు టైం సంగతి తేల్చేద్దాం, అది సులువు. రష్యా వాళ్ళు ఏ మూలనుంచి ఎగరేసినా ప్రకటన మాత్రం మాస్కో టైంలోనే ఇస్తారు. ప్రయోగ కేంద్రం కజకిస్తాన్‌లో ఉన్నా అంతే, చైనా సరిహద్దు పక్కన ఉన్నా అంతే. దానికి రెండున్నర గంటలు కలిపితే మన టైం. ఆ రోజు 12:28 అంటే మనకు మధ్యాహ్నం 2:58. మీరు నష్టపోయింది ఒక్క పీరియడ్ మాత్రమే లెండి. 2019 జులై 15న చంద్రయాన్-2 కోసం అర్ధరాత్రి దాటాక అలారం పెట్టుకుని లేచి టీవీ ముందు కూర్చున్నాను. ఇంకా 56 నిమిషాలుందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. ఇంట్లో వాళ్ళు అది ఇప్పటికీ మర్చిపోనివ్వరు.

ఇక ఆ ఏడో తరగతి పాప ప్రశ్న. నన్నడిగితే మీ ఉత్తరంలో అసలు విలువైనది అదే. రష్యా రాకెట్ల గురించి తెలుసుకోవలసినదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మనకు తూర్పున బంగాళాఖాతం ఉంది. పీఎస్ఎల్వీ మొదటి దశ ఊడి పడినా చేపలే చూస్తాయి. ప్రయోగానికి ముందు మీ తీరంలో మత్స్యకారుల్ని ఆ వైపు వేటకు పోవద్దనేది అందుకే. రష్యా వాడే పాత ప్రయోగ కేంద్రం బైకనూరు కజకిస్తాన్ గడ్డి మైదానాల మధ్య ఉంది. చుట్టూ వందల కిలోమీటర్లు నేలే. సోవియట్ కాలంలో అంతా ఒకే దేశం, ఇప్పుడు పరాయి దేశం. ఏడాదికి 11.5 కోట్ల డాలర్ల అద్దె, 2050 దాకా ఒప్పందం. అక్కడ సోయుజ్ లేచిన రెండు నిమిషాలకు చుట్టూ ఉన్న నాలుగు బూస్టర్లు విడిపోయి కజక్ మైదానంలో పడతాయి. దాదాపు ఐదు నిమిషాలకు మధ్య భాగం ఊడి ఇంకా తూర్పున, అల్తాయ్ కొండల వైపు పడుతుంది. అంటే ముక్కలు పడడానికి నేల మీద ముందే కేటాయించిన ప్రాంతాలుంటాయి. రాకెట్ ఆ గీత మీదుగానే పోవాలి, ఇష్టమొచ్చిన దిక్కుకు తిప్పడానికి లేదు. ఆ ప్రాంతాల మీదికి ప్రయోగ సమయంలో విమానాలు రాకుండా ముందే హెచ్చరిక జారీ చేస్తారు. విమానయానంలో దాన్ని నోటమ్ అంటారు. బయటకు చెప్పని ప్రయోగాలను ఔత్సాహికులు పసిగట్టేది కూడా దాన్ని చూసే.

పాపకు ఇంకో రెండు సంగతులు చెప్పండి, బాగా నచ్చుతాయి. ఉత్తరాన ప్లెసెట్స్క్ అనే మరో కేంద్రం ఉంది. అక్కడినుంచి ఎగిరేవాటి ముక్కలు మెజెన్ నది వైపు అడవుల్లో, బురద నేలల్లో పడతాయి. ఆ ఊళ్ళలో వేటగాళ్ళు రాకెట్ రేకును కోసుకెళ్ళి సన్నటి పడవలు చేసుకుంటారు. రెండోది 2023 ఆగస్టు 11 నాటిది. చంద్రుడికి లూనా-25ను పంపేటప్పుడు, రాకెట్ దారిలో ఉన్న షాఖ్తిన్స్కీ అనే చిన్న ఊరిని తెల్లవారుజామున ఖాళీ చేయించారు. ఊడిన దశ అటువైపు పడవచ్చని. కాబట్టి ఎవరి మీద పడతాయి అంటే, ఎవరి మీదా పడకుండా దారిని గీస్తారు, అనుమానం ఉన్నచోట మనుషుల్నే పక్కకు జరుపుతారు.

ఇక్కడినుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఒక మెట్టు పైకి వెళ్ళవచ్చు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమధ్యరేఖకు 51.6 డిగ్రీల వంపులో తిరుగుతుంది. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చింది? బైకనూరు 46 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. నేరుగా తూర్పుకు ఎగరేస్తే భూమి తిరిగే వేగం పూర్తిగా కలిసొస్తుంది, కక్ష్య వంపు కూడా 46 డిగ్రీలే అవుతుంది. కానీ ఆ దారిన పోతే ఊడిన ముక్కలు చైనాలో పడతాయి. అందుకని రాకెట్ మూతిని కాస్త ఈశాన్యానికి తిప్పారు. రష్యాతో అమెరికా, ఐరోపా, జపాన్, కెనడా కలిసి కట్టిన అంత పెద్ద స్టేషన్ కూడా, బైకనూరు నుంచి అందాలి కాబట్టి, అదే వంపులో తిరుగుతోంది. పొరుగువాడి పెరట్లో చెత్త పడకూడదని పెట్టుకున్న అంకె అది. మనదీ అదే బాధ. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్ఎల్వీ నేరుగా దక్షిణానికి పోలేదు, దారిలో శ్రీలంక ఉంది. ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు. మీ పిల్లలు మేడ మీదనుంచి చూసేది ఆ మలుపుకు ముందరి భాగం.

లెక్క కావాలంటే ఇదీ. భూమధ్యరేఖ దగ్గర భూమి తిరిగే వేగం సెకనుకు సుమారు 465 మీటర్లు. అక్షాంశం కొసైన్‌తో గుణించమనండి. శ్రీహరికోటకు దాదాపు 450 వస్తుంది, బైకనూరుకు 320, ప్లెసెట్స్క్‌కు 210. మన షార్ ఎంత మంచి చోట ఉందో పిల్లలకు అంకెల్లోనే తెలుస్తుంది.

అందుకే బోర్డులో మొదటి గడి 'ఎక్కడినుంచి' అని ఉండాలి. బైకనూరు అని రాసి, రాకెట్ సోయుజ్ అయితే చాలాసార్లు అంతరిక్ష కేంద్రానికే. మనుషులుంటే ఓడ పేరు కూడా సోయుజే, సరుకైతే ప్రోగ్రెస్. ప్లెసెట్స్క్ అని ఉంటే అది సైన్యం చేతిలోని కేంద్రం, దాదాపు 63 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడినుంచి ఎగిరేవి ఎక్కువగా గూఢచర్య ఉపగ్రహాలు, లేదా గ్లోనాస్. గ్లోనాస్ అంటే రష్యా జీపీఎస్. 19,100 కిలోమీటర్ల ఎత్తున 24 ఉపగ్రహాల ఏర్పాటు. హెడ్మాస్టర్ గారి ఫోన్ దారి చూపేటప్పుడు వాటి సంకేతాలు కూడా వాడుకుంటూ ఉండవచ్చు, ఈ మాట ఆయనకు చెప్పి చూడండి. మూడోది వోస్తోచ్నీ, దూర ప్రాచ్యంలో ఆమూర్ ప్రాంతంలో ఉంది. 2016 ఏప్రిల్ 28న మొదటి ప్రయోగం జరిగింది. వాతావరణ ఉపగ్రహాలు, వాటితోపాటు కట్టగట్టిన చిన్న ఉపగ్రహాలు ఎక్కువగా ఇక్కడినుంచే. 2024 నవంబరు 5న అయనోస్ఫెరా పేరుతో రెండు ఉపగ్రహాలు పంపుతూ వాటితో 53 చిన్నవాటిని ఎక్కించారు.

ప్లెసెట్స్క్ నుంచి పోయి 'కాస్మోస్' అని నంబరుతో ప్రకటిస్తే పని ఏమిటో చెప్పరన్నమాట. 1962 నుంచి ఉన్న అలవాటు అది, నంబర్లు 2,500 దాటాయి. ఎందుకు అన్న గడిలో 'సైన్యం, చెప్పలేదు' అని రాయించండి. ఊహించి రాయవద్దు.

ఇప్పుడు మీ డిసెంబరు. మూడూ తప్పాయి నిజమే, కానీ మూడూ ఒకే జాతి తప్పులు కావు.

ప్రోగ్రెస్ ఆలస్యానికి కారణం మీరు చూడలేకపోయిన ఆ నవంబరు 27 ప్రయోగమే. ఆ రోజు సోయుజ్ ఎంఎస్-28లో కుద్-స్వెర్చ్‌కోవ్, మికాయెవ్ అనే ఇద్దరు రష్యన్లు, క్రిస్ విలియమ్స్ అనే అమెరికన్ క్షేమంగా స్టేషన్ చేరారు. వాళ్ళు పైకి పోయాక కింద చూస్తే లాంచ్ ప్యాడ్ దెబ్బతిని ఉంది. రాకెట్ నిలబెట్టాక దాని అడుగున మనుషులు పనిచేయడానికి ఒక పెద్ద కదిలే వేదిక ఉంటుంది, ప్రయోగానికి ముందు దాన్ని లోపలికి లాగేస్తారు. అది మంట పోయే గోతిలో తలకిందులుగా పడి ఉంది. రష్యా దగ్గర మనుషుల్ని పంపడానికి, ప్రోగ్రెస్‌ను పంపడానికి వాడుకలో ఉన్న ప్యాడ్ అదొక్కటే, బైకనూరులోని 31వ నంబరు. గగారిన్ 1961 ఏప్రిల్ 12న ఎగిరిన పాత ప్యాడ్‌ను 2019 సెప్టెంబరు తర్వాత వాడలేదు. ప్లెసెట్స్క్ నుంచి పంపకూడదా అంటే, 63 డిగ్రీల చోటునుంచి 51.6 డిగ్రీల కక్ష్యకు నేరుగా పోవడం కుదరదు. ఎగిరిన చోటి అక్షాంశం కన్నా తక్కువ వంపు కావాలంటే పైకెళ్ళాక పక్కకు తిరగాలి, అంత ఇంధనం ఆ రాకెట్‌కు లేదు. వోస్తోచ్నీ 52 డిగ్రీలకు దగ్గర్లో ఉంది, కానీ అక్కడి ప్యాడ్ మీద ఆ ఓడలకు కావలసిన ఏర్పాట్లు లేవు. కాబట్టి డిసెంబరు 21 తప్పింది. చూశారా, మీ మొదటి గడి సరిగ్గా రాసి ఉంటే, 27వ తేదీ సాయంత్రం వార్త వినగానే పిల్లలే చెప్పేవాళ్ళు: టీచర్, ఆ ప్రోగ్రెస్ ఆగిపోతుంది అని.

ప్రోగ్రెస్ ఆగితే పైన ఉన్నవాళ్ళు పస్తులుంటారేమోనని పిల్లలు అడుగుతారు. ఉండరు. అమెరికా సరుకు ఓడలూ వెళ్తుంటాయి, పైన నిల్వలూ ఉంటాయి. కాకపోతే ప్రోగ్రెస్ చేసే పనుల్లో ఒకటి ముఖ్యమైనది. రెండున్నర టన్నుల దాకా సరుకు తేవడమే కాకుండా, ఇంజన్ వెలిగించి స్టేషన్‌ను పైకి తోస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచటి గాలి రాపిడికి స్టేషన్ రోజూ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. పని అయ్యాక ఆ ఓడనే చెత్తబుట్ట చేసి దక్షిణ పసిఫిక్ మీద కాల్చేస్తారు.

ఎలెక్ట్రో-ఎల్ సంగతి వేరు, అది ఆ దెబ్బతిన్న ప్యాడ్ నుంచి పోయేది కాదు. అది వాతావరణ ఉపగ్రహం, మన ఇన్సాట్ లాగా భూమధ్యరేఖ మీద 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒకే చోట నిలబడి చూస్తుంది. 46 డిగ్రీల నుంచి అక్కడికి పోవాలంటే బరువైన రాకెట్ కావాలి, అది ప్రోటాన్. ముసలి రాకెట్, 1965 నుంచి ఎగురుతున్న కుటుంబం. దాని ఇంధనాన్ని రష్యన్లు హెప్టిల్ అంటారు, విషం. అందుకే కజకిస్తాన్‌కు ప్రోటాన్ అంటే ఇష్టం ఉండదు. ఈ రాకెట్ కథ ఒకటి మీ ల్యాబ్‌లో చెప్పదగ్గది. 2013 జులై 2న మూడు గ్లోనాస్ ఉపగ్రహాలతో లేచిన ప్రోటాన్ కొన్ని సెకన్లకే పక్కకు ఒరిగి, తలకిందులై, ప్యాడ్‌కు దగ్గర్లోనే కూలింది. విచారణలో తేలిందేమిటంటే, రాకెట్ ఎటు తిరుగుతోందో చెప్పే సెన్సార్లను తలకిందులుగా బిగించారు. తప్పు దిక్కున దూరకుండా దానికి గుర్తూ ఉంది, బలవంతంగా దూర్చారు. మన పిల్లలు అమ్మీటర్ తీగలు తారుమారుగా కలిపినప్పుడు ఈసారి మరీ గట్టిగా కోప్పడకండి.

ఇక సోయుజ్-5. దాన్ని బోర్డులో రాసినందుకే నేను మిమ్మల్ని తప్పుపడతాను. కొత్త రాకెట్ మొదటి ప్రయాణానికి ఎవరు చెప్పిన తేదీనీ నమ్మకూడదు, ఏ దేశమైనా సరే. పేరు చూసి పాత సోయుజ్‌కు తమ్ముడనుకోవద్దు, పూర్తిగా వేరే రాకెట్. మొదటి దశకు ఒకే ఇంజన్, అందులో ఇంధనం మండే గదులు నాలుగు, దాదాపు 800 టన్నుల తోపు. 17 టన్నులను దగ్గరి కక్ష్యకు మోయాలని కట్టారు. 2025 డిసెంబరు అన్నది 2026లోకి జరిగింది. అంగారా అనే రాకెట్‌ను 1990ల్లో మొదలుపెడితే భారీ రకం మొదటిసారి ఎగిరింది 2014 డిసెంబరులో. వోస్తోచ్నీ నుంచి మొదటిసారి 2024 ఏప్రిల్‌లో పంపినప్పుడు కూడా 9న ఆగింది, 10న ఆగింది, 11న లేచింది. కొత్తవాటికి బోర్డులో తేదీ గడి ఖాళీగా వదిలేయండి.

మీ బోర్డులో లేనివి మాత్రం అదే డిసెంబరులో ఎగిరాయి. 25న ప్లెసెట్స్క్ నుంచి ఒబ్జోర్-ఆర్ అనే రాడార్ ఉపగ్రహం పోయింది. మబ్బులున్నా, చీకటైనా నేలను చూడగలిగే రకం. 28న వోస్తోచ్నీ నుంచి ఐస్ట్-2టి జంట వెళ్ళింది, ఒకే నేలను రెండు కోణాల నుంచి ఫొటో తీసి ఎత్తుపల్లాలు కనిపెట్టడానికి. వాటితో వెళ్ళిన చిన్న ఉపగ్రహాల్లో ఇరాన్‌వి మూడు ఉన్నాయి. చెప్పొచ్చేదేమంటే రష్యా ప్రయోగాలు మరీ ఎక్కువేం కావు. 1982లో సోవియట్ యూనియన్ ఏడాదికి వంద దాటించింది, 2024లో రష్యా మొత్తం 17. నెలకు ఒకటో రెండో. బోర్డుకు సరిపోయేంత.

తేదీ ఒకసారి తప్పాక రెండో తేదీ ఎలా వస్తుందో పిల్లల చేత లెక్క కట్టించవచ్చు. 2024 మార్చి 21న సోయుజ్ ఎంఎస్-25ను మాస్కో టైం 16:21కి పంపాలి. ముగ్గురూ లోపల కూర్చున్నారు. ఇంకా 20 సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది, ఒక బ్యాటరీ వోల్టేజ్ పడిపోయిందని. రెండు రోజుల తర్వాత 23న 15:36కి ఎగిరింది. పదహారు ఇరవై ఒకటి నుంచి పదిహేను ముప్పై ఆరుకు ఎందుకొచ్చింది? స్టేషన్ తిరిగే వలయం కిందికి బైకనూరు రోజుకు సుమారు 22 నిమిషాలు ముందుగా వస్తుంది. రెండు రోజులకు 45 నిమిషాలు. అంటే 'రేపు ఇదే టైంకు' అన్నమాట స్టేషన్‌కు పోయే రాకెట్ విషయంలో ఎప్పుడూ నిజం కాదు. ఇంకో తమాషా, 21న ఎగిరి ఉంటే మూడు గంటల చిల్లరలో స్టేషన్ చేరేవాళ్ళు. 23న ఎగిరితే స్టేషన్ తన వలయంలో వేరే చోట ఉంది, వెంటపడి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. మన బస్సుల్లాగే, ఒకటి తప్పితే తర్వాతది పల్లెవెలుగు.

రాబోయేవాటిలో పిల్లలకు బాగా పట్టేది సోయుజ్ ఎంఎస్-29. ప్యోత్ర్ దుబ్రోవ్, అన్నా కికినా, వాళ్ళతో నాసా నుంచి అనిల్ మేనన్. ఈయన అమెరికాలో పుట్టిన డాక్టర్, తండ్రి భారతీయుడు, తల్లి ఉక్రేనియన్. 2025 జులైలో నాసా పేరు ప్రకటించినప్పుడు 2026 జూన్ అంది. ఆ నెలను పక్కన పెట్టి పిల్లల చేత ఇలా ఊహింపజేయండి. ఎంఎస్-26 వెళ్ళింది 2024 సెప్టెంబరు 11న. ఎంఎస్-27 వెళ్ళింది 2025 ఏప్రిల్ 8న. ఎంఎస్-28 మీకు తెలుసు. మధ్యలో ఎన్ని నెలలు? ఏడు, ఏడున్నర. ఒక జట్టు పైన సుమారు ఎనిమిది నెలలు ఉండి, తర్వాతి జట్టు వచ్చాక దిగుతుంది. నవంబరు 27కు అంతే కలిపితే జులై దగ్గరికి వస్తుంది. ఎవరూ చెప్పకుండానే మీ ఎనిమిదో తరగతి వాడు కట్టిన లెక్క అది, ప్రకటించిన నెల కన్నా దానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. రష్యా ఓడలో అమెరికా మనిషి ఏమిటంటారా? డబ్బు ప్రసక్తి లేని సీట్ల మార్పిడి. ఇటు సోయుజ్‌లో ఒక అమెరికన్, అటు అమెరికా ఓడ డ్రాగన్‌లో ఒక రష్యన్. ఒకరి ఓడ మూలపడినా స్టేషన్‌లో రెండు వైపులవాళ్ళూ ఉండాలని. 2022 అక్టోబరులో డ్రాగన్‌లో వెళ్ళిన మొదటి రష్యన్ ఈ కికినాయే. దేశాల మధ్య ఇంత గొడవ జరుగుతున్నా ఈ మార్పిడి మాత్రం ఆగలేదు.

చంద్రుడి సంగతి హెడ్మాస్టర్ గారు అడగవచ్చు. లూనా-25 2023 ఆగస్టు 19న చంద్రుడి మీద కూలింది, నాలుగు రోజులకు మన చంద్రయాన్-3 దిగింది. తర్వాతివి లూనా-26, లూనా-27. మొదటిది 2028కి అంటున్నారు. మీ బోర్డుకు అది చాలా దూరం, ఇప్పుడు ఆరో తరగతి పిల్లలు పది రాసే వేళకు చూసుకుందాం.

మన బడిలో రష్యా రాకెట్లు ఎందుకని ఎవరైనా అంటే, మన ఆర్యభట ఎగిరింది ఎక్కడినుంచి అని అడగండి. 1975 ఏప్రిల్ 19న వోల్గా దిగువన కపుస్తిన్ యార్ నుంచి. అప్పటికి మన దగ్గర ఉపగ్రహాన్ని మోయగల రాకెట్ లేదు. రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న బైకనూరు నుంచి వెళ్ళారు. నేలను పైనుంచి పరిశీలించే మన ఐఆర్ఎస్ ఉపగ్రహాల్లో మొదటిది 1988లో అక్కడినుంచే. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురు మాస్కో దగ్గర శిక్షణ పొందారు. అటు పోయినవే కాదు, ఇటు వచ్చినవీ ఉన్నాయి. 2022 మార్చిలో, బ్రిటన్ ప్రభుత్వానికి వాటా ఉన్న వన్‌వెబ్ అనే కంపెనీ ఇంటర్నెట్ ఉపగ్రహాలు 36 బైకనూరులో సోయుజ్ మీద ఎక్కి కూర్చున్నాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజులు. రష్యా పెట్టిన షరతులకు బ్రిటన్ ఒప్పుకోలేదు, ప్యాడ్ మీద ఉన్న రాకెట్‌ను వెనక్కి దించేశారు. ఆ కంపెనీ కొత్త రాకెట్లు వెతుక్కుంటూ వచ్చిన చోట్లలో మీ పక్కనున్న శ్రీహరికోట ఒకటి. 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న 36, రెండుసార్లూ మన ఎల్వీఎం-3 మోసింది. అప్పట్లో మీ పిల్లలు మేడ ఎక్కి చూసే ఉంటారు. బైకనూరులో ఒక తేదీ తప్పినందుకు మీ మేడ మీద పండగ జరిగింది.

కాబట్టి బోర్డు ఇలా గీయించండి. ఎక్కడినుంచి, ఏ రాకెట్, ఎక్కడికి, ఎందుకు. ఈ నాలుగూ రంగు చాక్‌పీస్‌తో. తేదీ చివర, చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి అంటించండి. తేదీ మారితే పాత కాగితం చింపవద్దు, దానిమీద గీత కొట్టి, కింద కొత్తది, పక్కన కారణం. నాలుగు నెలలకు ఏ రాకెట్ ఎన్నిసార్లు, ఎందుకు ఆగిందో గోడమీదే కనిపిస్తుంది. రెండు వారాల ముందు దాకా నెల మాత్రమే రాయండి. రాకెట్‌ను రైలు మీద పడుకోబెట్టి ప్యాడ్ దగ్గరికి తెస్తారు, సోయుజ్‌కు అది సాధారణంగా రెండు రోజుల ముందు. ఆ ఫొటో చూశాకే రోజు, గంట రాయండి. అప్పుడు కూడా పెన్సిలే.

పెన్నుతో రాయదగ్గ తేదీ ఒకటి ఉంది. దాన్ని సంవత్సరమంతా బోర్డు మూలన ఉంచవచ్చు. 1960 అక్టోబరు 24న బైకనూరులో ఆర్-16 అనే కొత్త క్షిపణిని నిలబెట్టారు. నవంబరు 7 విప్లవ దినం లోపల ఎగరాలని పైనుంచి ఒత్తిడి. ఇంధనం నింపాక లోపం బయటపడితే, ఖాళీ చేసి బాగుచేయాల్సింది పోయి, నిండు క్షిపణి మీదే పని చేయించారు. క్షిపణి దళాల అధిపతి మార్షల్ నెదెలిన్ దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎగరడానికి అరగంట ముందు రెండో దశ ఇంజన్ దానంతటదే వెలిగింది. పదుల సంఖ్యలో మనుషులు మంటల్లో పోయారు, మార్షల్‌తో సహా. ఆయన విమాన ప్రమాదంలో చనిపోయాడని లోకానికి చెప్పారు. మూడేళ్ళకు సరిగ్గా అదే తేదీన అక్కడే ఇంకో అగ్నిప్రమాదం, మళ్ళీ ప్రాణాలు పోయాయి. మనవాళ్ళు ప్రయోగానికి ముందు తిరుమలకూ, సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికీ వెళ్ళొస్తే, వాళ్ళకు ఈ పట్టింపు. అక్టోబరు 24న బైకనూరు నుంచి రాకెట్ ఎగరేయరు.